దినపత్రికలోని పదబంధ ప్రహేళిక



దినపత్రికలో వార్తలన్నియు చదివిన పిదప లోపలి పుటలో నలుపు తెలుపు గడుల పట్టిక యొకటి మిగిలియుండును. దానినే పదబంధ ప్రహేళిక యందురు. పనిలేనివారి కాలక్షేపమని కొందఱు దానిని దాటిపోవుదురు. జూదమునకు చెల్లెలని మఱికొందఱు శంకింతురు. మంచి ప్రహేళిక యెట్టిదో, చెడ్డదానిని పోల్చుకొనుట యెట్లో నేడు విచారింతము.

దీని పుట్టుక పరదేశమున. లివర్‌పూలు నగరమున జన్మించిన ఆర్థర్ విన్ అను నతడు 1913 డిసెంబరు 21వ తేదీని 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో దీనిని తొలుత ప్రకటించెను. లండనులోని 'టైమ్స్' పత్రిక 1930 ఫిబ్రవరి 1వ తేదీని దీనికి చోటిచ్చెను. అర్థమును సూటిగా జెప్పక మాటల చాటున దాచు గూఢపద్ధతి ఇంగ్లండుననే బలపడెను. తెలుగున శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులే ప్రహేళికలు కూర్చిరి.

గడులు క్రొత్తవే గాని గుణము మనకు పాతదే. దండి తన కావ్యాదర్శమున పదునాఱు విధములైన ప్రహేళికలను జెప్పెను. అవధాన సభలలో పృచ్ఛకుడు ఒక వాక్యములోని అక్షరములను వరుస తప్పించి ఒక్కొక్కటిగా నీయగా, అవధాని వానిని మనసున నిలిపి తుదకు వాక్యమును కూర్చి చెప్పును. అదియే వ్యస్తాక్షరి. పత్రికలోని చిక్కులలో నొకటి దీనికి తోబుట్టువే.

గూఢమైన ఆధారమున రెండు పాళ్లుండును. ఒకటి జవాబునకు అర్థము. రెండవది ఆ జవాబును అక్షరములతో కట్టు ఉపాయము. ఈ రెండును కలిసి పైకి వేఱొక అర్థమిచ్చు వాక్యముగా గనబడును. కుండలీకరణములోని అంకె జవాబున కెన్ని గడులో తెలుపును. తెలుగున గడి కొక అక్షరము. గుణింతముగాని ఒత్తుగాని దానిలోనే యిముడును.

'తల తిరుగగా కనబడిన తీగ (2)' అను దానిని జూడుడు. తల తిరుగుటయన మైకమని తోచును. కాని తల అను మాటనే త్రిప్పినచో లత యగును. లత యనగా తీగ. 'రసము చెదరి మెడపై బడినది (3)' అన్నచో భోజనపంక్తి తలపునకు వచ్చును. రసము అను మాటలోని అక్షరములను చెదరగొట్టినచో సరము వచ్చును. మెడపై బడునది ఆ హారమే.

'మొసలి తల తెగగా మిగిలిన చేయి (3)' అన్నప్పుడు గజేంద్రమోక్షము కన్నులకు గట్టును. ఇచ్చట తెగవలసినది మకరము అను మాటకు తల. మొదటి అక్షరము పోగా కరము మిగులును.

సంధి మన భాషకు ప్రత్యేకమైన చిక్కును దెచ్చును. 'ధూమపత్రములు కలిసిన మెట్టపైరు (3)' అన్నచో జంగారెడ్డిగూడెము రైతులు వెంటనే పొగాకు అందురు. పొగ రెండక్షరములు, ఆకు రెండక్షరములు. కూడిక నాలుగు కావలెను గదా! సంధి యొక అచ్చును మ్రింగగా మూడే నిలిచినవి. వ్యాకరణము నెఱిగినవారికే గడుల లెక్క సరిపోవును.

ఇక న్యాయాన్యాయముల సంగతి. 'చేయియు పన్నును ఒక్కటియే (3)' అను ఆధారమునకు ఒకరు హస్తము అందురు, మఱియొకరు సుంకము అందురు. మొదటిది చేయికి మాత్రమే చెల్లును, రెండవది పన్నునకు మాత్రమే చెల్లును. పన్ననగా దంతమని భ్రమపడినవారికి ఏదియు తోచదు. రెంటికిని చెల్లునది కరము. అడ్డముగా వచ్చిన ఈ మాటలోని నడిమి అక్షరము నిలువుగా వచ్చు మఱియొక మాటతో కలిసినచో, ఆ ర కారమే సాక్ష్యమిచ్చును. కూర్పరి మనలను మోసగింపవచ్చును గాని అబద్ధమాడరాదు. ఆధారములోని ప్రతి మాటకు లెక్క తేలవలెను. జవాబు ఒక్కటియే కావలెను.

ఈ నియమము తప్పినప్పుడు కీడు గలిగినది. మన దేశమున పూర్వము ప్రవేశ రుసుము గైకొని పెద్ద బహుమతులు చూపిన ప్రహేళికల పోటీలు విరివిగా సాగెను. ఒక ఆధారమునకు రెండు మూడు మాటలు సమముగా పొసగుచుండ, ముందే ముద్రవేసి దాచిన జవాబుతో కలిసినవాడే గెలిచినవాడు. అది పాండిత్యము కాదు, పాచిక. 1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టమును జేసి, నెలకు వేయి రూపాయలకు మించిన బహుమతులు గల పోటీలను నిషేధించెను. నేర్పుపై తగినంతగా ఆధారపడు పోటీలకు ఆ చట్టము వర్తింపదని, జూదపు పోటీలకే వర్తించునని 1957లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. నేర్పునకును జూదమునకును నడుమ గీత యిదియే.

కావున గడులు నింపుటతో పని తీరదు. మఱునాడు జవాబులు వచ్చినప్పుడు వానిని పరీక్షింపవలెను. అర్థము చెప్పిన భాగమేది? ఉపాయము చెప్పిన భాగమేది? ఏ పనియు లేక ఊరక నిలిచిన మాట గలదా? మఱియొక జవాబు సమముగా పొసగునా? ఈ నాలుగు ప్రశ్నలకు నిలిచినది మంచి ఆధారము. నిలువనిది మన ఓటమి కాదు, కూర్పరి లోపము; పత్రికకు ఒక కార్డు వ్రాసి తెలుపుట చదువరి హక్కు.

ఈ పరీక్షకు పెద్దలే తగినవారు. మేడి, నొగ, పలుపు, ఏతము, గాదె మొదలగు మాటలు గడులలోనికి వచ్చినప్పుడు పాఠశాలకు బోవు పిల్లలు నిలిచిపోదురు. ఆ వస్తువులను చేత బట్టినవారికి ఆ మాటలు నాలుక కొననే యుండును. అక్షరములను త్రిప్పుటలో పిల్లలు చుఱుకు, మాటల నెఱుగుటలో పెద్దలు దిట్టలు. మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, జవాబును ముందే చెప్పక, ప్రతి మాటకు లెక్క యడుగుడు. నాలుగు మాటలు వానికి దక్కును. విన్నదానినెల్ల నమ్మక, పొసగునో లేదో చూచి ఒప్పుకొను బుద్ధియు దక్కును. పత్రికలోని మిగిలిన పుటలను చదువుటకు కూడ ఆ బుద్ధియే కావలెను గదా!