ఎంత పెద్దగా కనిపిస్తే అంత మంచి గురి కుదురుతుందా?

దూరంగా ఉన్నదాన్ని గురిచూసి కొట్టాలంటే అది ఎంత పెద్దగా కనిపిస్తే అంత మంచిదని మనలో చాలామంది అనుకుంటాం. బైనాక్యులర్స్ కొనబోయినా, ఫోను కొనబోయినా ముందు అడిగేది "ఎన్ని రెట్లు జూమ్ అవుతుంది?" అనే. రైఫిల్ పోటీల్లో ఆరితేరినవాళ్ళు మాత్రం ఇదే ప్రశ్నను తిప్పి అడుగుతారు: "ఎన్ని రెట్లయితే నా పని జరుగుతుంది? అంతకు మించితే ఏం పోగొట్టుకుంటాను?" వాళ్ళు అలా ఎందుకు అడుగుతారో తెలుసుకోవడానికి మల్టీగన్ అనే ఆట మంచి ఉదాహరణ.

మల్టీగన్ అమెరికాలో బాగా ప్రచారంలో ఉన్న పోటీ. ఇందులో ఒకే ఆటగాడు రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ వాడతాడు. అందుకే దీన్ని త్రీగన్ అని కూడా అంటారు. ఒకచోట నిలబడి ఒకే లక్ష్యాన్ని కాల్చే ఆట కాదిది. మైదానంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి పరుగెత్తాలి, చెక్క గోడల వెనుక మోకాళ్ళమీద కూర్చోవాలి, దారిలో కనిపించే అట్ట లక్ష్యాలను, ఇనుప పలకలను కొట్టాలి. పక్కన గడియారం నడుస్తూనే ఉంటుంది. గురి తప్పినా నష్టమే, ఆలస్యమైనా నష్టమే.

అసలు చిక్కు దూరంతో వస్తుంది. రైఫిల్‌తో కొట్టవలసిన లక్ష్యాల్లో ఒకటి 5 మీటర్ల దూరంలో ఉంటే, తరువాతది 300 మీటర్ల అవతల ఉండవచ్చు. ఎక్కువమంది పోటీపడే విభాగంలో రైఫిల్ మీద ఒక్క స్కోప్ మాత్రమే పెట్టుకోనిస్తారు. స్కోప్ అంటే రైఫిల్ పైన బిగించే చిన్న దుర్భిణి. ఆ ఒక్కటే దగ్గరికీ, దూరానికీ పనికిరావాలి. మరి అది ఎన్ని రెట్లు పెద్దగా చూపించేదైతే బాగుంటుంది?

ముందు "రెట్లు" అనే మాటకు అర్థం చూద్దాం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఆవర్ధనం అంటారు. లెక్క చాలా సులువు. దూరాన్ని రెట్లతో భాగించండి. 300 మీటర్ల దూరంలో ఉన్న పలకను 6 రెట్ల స్కోప్‌లో చూస్తే, 50 మీటర్ల దూరం నుంచి మామూలు కంటితో చూసినంత పెద్దగా ఉంటుంది. 30 సెంటీమీటర్ల వెడల్పున్న పలక 300 మీటర్ల దూరంలో ఎంత కనిపిస్తుందో తెలుసా? ఒక మీటరు దూరంలో పెట్టిన 1 మిల్లీమీటరు ఆవగింజంత! 6 రెట్ల స్కోప్ ఆ ఆవగింజను కందిగింజ చేస్తుంది. ఇది లాభమే, సందేహం లేదు. కానీ ఈ లాభానికి మనం మూడు రకాల మూల్యం చెల్లించాలి.

మొదటిది, చూపు వెడల్పు. స్కోప్‌ను 1 రెటు దగ్గర పెడితే, 100 మీటర్ల దూరంలో సుమారు 36 మీటర్ల వెడల్పున్న ప్రదేశం కనిపిస్తుంది. అదే స్కోప్‌ను 6 రెట్లకు పెంచితే ఆ వెడల్పు సుమారు 6 మీటర్లకు పడిపోతుంది. లక్ష్యం ఎన్ని రెట్లు పెరిగిందో చుట్టూ కనిపించే వెడల్పు అన్ని రెట్లు తగ్గిందన్నమాట. ఇప్పుడు 5 మీటర్ల దూరంలోని అట్ట లక్ష్యం సంగతి చూడండి. ఆ దూరంలో 6 రెట్ల స్కోప్‌లో కనిపించేది 30 సెంటీమీటర్ల వెడల్పే. అట్ట వెడల్పేమో 45 సెంటీమీటర్లు. అంటే అట్ట మొత్తం కనిపించదు, అందులో ఒక ముక్క, అదీ మసకగా కనిపిస్తుంది. అది ఏ లక్ష్యమో, దాని అంచు ఎక్కడుందో వెతుక్కునేలోగా పక్కవాడు మూడు లక్ష్యాలు పూర్తిచేసేస్తాడు.

ఇది కొత్త సమస్య కాదు. గెలీలియో 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామలను చూసిన దుర్భిణి దాదాపు 20 రెట్లు పెద్దగా చూపించేది. కానీ దాని చూపు ఎంత ఇరుకంటే, మన పున్నమి చంద్రుడు మొత్తం ఒకేసారి అందులో పట్టేవాడు కాదు. ముక్కలు ముక్కలుగా చూసుకోవలసి వచ్చేది.

రెండో మూల్యం వెలుగు. స్కోప్ ముందు లెన్సు వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే, వెనుక నుంచి మన కంటికి వచ్చే వెలుగు బిళ్ళ ఎంత పెద్దదో తెలుస్తుంది. మల్టీగన్ స్కోపుల్లో చాలావాటికి ముందు లెన్సు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. 6 రెట్ల దగ్గర ఆ బిళ్ళ 4 మిల్లీమీటర్లు, 8 రెట్ల దగ్గర 3 మిల్లీమీటర్లు, 10 రెట్ల దగ్గర 2.4 మిల్లీమీటర్లు. మన కంటిపాప మంచి ఎండలో 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. చీకట్లో, చిన్న వయసువాళ్ళకు, 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. కాబట్టి సాయంత్రం వెలుగు తగ్గినప్పుడు 10 రెట్ల దగ్గర బొమ్మ మసకబారుతుంది. ఎండలో వెలుగు చాలినా ఇంకో ఇబ్బంది ఉంది. బిళ్ళ ఎంత చిన్నదైతే కన్ను అంత కచ్చితంగా దాని వెనుకే ఉండాలి. కాస్త పక్కకు జరిగినా స్కోప్‌లో నల్లని నీడ కమ్ముకుంటుంది. బల్లమీద రైఫిల్ ఆనించి తీరిగ్గా కాల్చేవాడికి ఇది పెద్ద కష్టం కాదు. పరుగెత్తి వచ్చి, రొప్పుతూ, గోడ కన్నంలోంచి వంగి చూసేవాడికి మాత్రం చాలా కష్టం.

మూడో మూల్యం వణుకు. ఫోను కెమెరాను పూర్తిగా జూమ్ చేసి చంద్రుడి ఫొటో తీయబోతే ఏమవుతుందో మీకు తెలుసు. చంద్రుడు తెరమీద నిలవడు, చేప పిల్లలా జారిపోతూ ఉంటాడు. చేయి ఎప్పటిలాగే ఉంది, దాని కదలిక మాత్రం పెద్దదై కనిపిస్తోంది. స్కోప్‌లోనూ అంతే. ఊపిరి, గుండె చప్పుడు, కండరాల అలసట అన్నీ 6 రెట్లో 10 రెట్లో పెద్దవై కనిపిస్తాయి. అది చూసి ఆటగాడు కంగారుపడతాడు. గురి గీత సరిగ్గా మధ్యకు వచ్చిన ఆ క్షణంలోనే ట్రిగ్గర్ లాగెయ్యాలని తొందరపడతాడు. ఆ తొందరలో చేసిన కుదుపుకే గుండు పక్కకు పోతుంది. ఎండాకాలం నేల వేడెక్కినప్పుడు తారు రోడ్డు మీద గాలి అలలు అలలుగా కదలడం చూశారు కదా, స్కోప్ ఆ అలలను కూడా పెద్దవి చేసి చూపిస్తుంది.

ఇన్ని లెక్కలు వేసుకున్నాకే మల్టీగన్ ఆటగాళ్ళు 1 రెటుతో మొదలై 4, 6, 8 లేదా 10 రెట్ల దాకా మార్చుకోగల స్కోపుల వైపు మొగ్గారు. 1 రెటు దగ్గర లక్ష్యం మామూలు కంటికి కనిపించినంతే ఉంటుంది. అందువల్ల రెండు కళ్ళూ తెరిచి కాల్చవచ్చు. రెండు కళ్ళ బొమ్మలూ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, చుట్టూ ఏముందో తెలుస్తూ ఉంటుంది. వేటగాళ్ళలో పేరున్న 3–9 రెట్ల స్కోప్‌ను ఇక్కడ వాడితే దగ్గర లక్ష్యాల దగ్గరే చిక్కొస్తుంది. దాన్ని ఎంత తగ్గించినా 3 రెట్ల దగ్గర ఆగిపోతుంది. ఒక కన్ను మూడింతలు, రెండో కన్ను మామూలుగా చూస్తుంటే మెదడు తికమకపడుతుంది.

అయితే 4, 6, 8, 10ల్లో ఏది తీసుకోవాలి? లక్ష్యాలన్నీ 100 మీటర్ల లోపే ఉండే మైదానమైతే 1–4 చాలు. అప్పుడప్పుడు 300 మీటర్ల దాకా వెళ్ళాల్సివస్తే 1–6 అన్నిటికీ సర్దుకుంటుంది. 400, 500 మీటర్ల దూరంలో చిన్న పలకలు తరచుగా ఉంటే 1–8, 1–10 ఉపయోగపడతాయి. కానీ వాటి ధర ఎక్కువ, సాధారణంగా బరువూ ఎక్కువే. పరుగెత్తేవాడికి ప్రతి గ్రామూ బరువే.

కొనడంతో పని అయిపోదు, మైదానంలో మళ్ళీ ఎంచుకోవాలి. పోటీకి ముందు ఆటగాళ్ళు మైదానమంతా నడిచి చూసుకుంటారు. ఏ లక్ష్యం ఎక్కడుంది, స్కోప్ రింగును ఎక్కడ తిప్పాలి అన్నది అప్పుడే నిర్ణయించుకుంటారు. దగ్గర లక్ష్యాలు అయిపోయాక, పరుగెత్తుతున్నప్పుడే 1 నుంచి 6కు తిప్పేస్తారు. గడియారం మొదలయ్యాక ఆలోచిస్తూ నిలబడితే ఆలోచన సరైనదైనా ఆట పోతుంది.

దీనికి పూర్తిగా రెండో కొసలో ఉన్న ఆట ఒలింపిక్స్‌లోని 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. అక్కడ పెద్దది చేసి చూపే స్కోప్ వాడనివ్వరు. లక్ష్యం మధ్యలో 10 పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరు. 10 మీటర్ల దూరం నుంచి మామూలు చూపున్న కంటికి 3 మిల్లీమీటర్ల కంటే చిన్న వివరం విడిగా తెలియడం కష్టం. అంటే కొట్టవలసిన చుక్క ఆటగాడికి కనిపించనే కనిపించదు! కనిపించేది 30.5 మిల్లీమీటర్ల నల్లని వలయం ఒక్కటే. రైఫిల్ ముందున్న చిన్న రింగు మధ్యలో ఆ నలుపును నిలిపి, చుట్టూ తెల్లని అంచు అన్నివైపులా సమానంగా ఉండేలా చూసుకుంటారు. ఒక గుండ్రం మధ్యలో ఇంకో గుండ్రాన్ని నిలపడంలో మన కన్ను దిట్ట. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది, 2012 లండన్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ ఆటలోనే. వాళ్ళను గెలిపించింది నిలకడ, ఊపిరి మీద అదుపు, ఏళ్ళ తరబడి చేసిన సాధన.

మనలో ఎన్.సి.సి.లో చేరినవాళ్ళు, పాఠశాలల పోటీలకు ఎయిర్ రైఫిల్ నేర్చుకునేవాళ్ళు ఉన్నారు. మీరు కూడా స్కోప్ లేకుండానే మొదలుపెడతారు. లక్ష్యం చిన్నగా కనిపిస్తోందని దిగులుపడకండి. ఒక మాట మాత్రం ఎప్పటికీ మరిచిపోవద్దు. రైఫిల్ మీది స్కోప్‌ను బైనాక్యులర్స్‌లా వాడకూడదు. స్కోప్ ఎటు చూస్తుందో గొట్టం కూడా అటే చూస్తుంది. దూరంగా ఉన్నది మనిషో, పశువో తెలుసుకోవడానికి స్కోప్ ఎత్తితే, అప్పటికే తుపాకీని అటు గురిపెట్టినట్టే. చూడటానికి వేరే పరికరం, కాల్చడానికి వేరే పరికరం. గుండు లేదని తెలిసినా నియమం ఇదే.

చూడటానికి బైనాక్యులర్స్ కొనేటప్పుడు పైన చెప్పిన లెక్కే వెయ్యండి. దానిమీద 8×42 అని ఉంటే 8 రెట్లు, 42 మిల్లీమీటర్ల ముందు లెన్సు అని అర్థం. 42ను 8తో భాగిస్తే 5 మిల్లీమీటర్లకు పైన వస్తుంది, ఉదయం, సాయంత్రం కూడా వెలుగు చాలుతుంది. చేతితో పట్టుకున్నా బొమ్మ అంతగా వణకదు. అదే 20×50 అయితే 2.5 మిల్లీమీటర్లు మాత్రమే వస్తుంది, స్టాండు లేకుండా చూడటం కష్టం. అమ్మానాన్నల బదిలీతో మనం ఏ ఊరు చేరినా అక్కడ ఒక చెరువో, చెట్ల తోపో ఉంటుంది. అక్కడి పక్షుల్ని చూడాలనుకునేవాళ్ళకు ఆ 8 రెట్లు చాలు.