పేరు, డబ్బు, తోడు: పదయ్యాక ఏ కాలేజీ?



పది పరీక్షలు దగ్గరికొచ్చేశాయి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక డార్మిటరీలో ఇప్పుడు ఒకటే మాట. "పదయ్యాక ఎక్కడికే?" కొందరు నవ్వుతూ చెప్తున్నారు, కొందరు దుప్పటి కప్పుకుని మాట్లాడటమే మానేశారు. ఈ సంచికలో దాని గురించే రాయమని సంపాదకురాలు అడిగింది.

మొదట ఒక విషయం చెప్పాలి. మన క్లాసులోనే ఒకమ్మాయి ఉంది. పేరు రాయొద్దంది. సంక్రాంతి సెలవుల్లో ఇంటికెళ్తే, సంతలో ఒక పెద్ద ప్రైవేటు కాలేజీవాళ్లు రంగు కాగితాలు పంచుతున్నారు. అక్కడే చిన్న పరీక్ష పెట్టారు. ఈమెకు మంచి మార్కులొచ్చాయి. "మీ పాపకు సగం ఫీజు రాయితీ. పదివేలు అడ్వాన్సు కడితే సీటు ఖాయం" అన్నారు. వాళ్ల నాన్న సంబరపడి ఊరంతా చెప్పేశాడు. డబ్బు కోసం రాబోయే కాఫీ పంట మీద షావుకారు దగ్గర అప్పు అడుగుతున్నాడు. ఈమె హాస్టలుకొచ్చి నా పక్కన కూచుని "ఏటి చెయ్యమంటావే?" అంది. నాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకంటే ఆ దారిలో మా అక్క ఒకసారి వెళ్లి వచ్చింది.

మా అక్క 2022లో మైదానంలో ఒక పేరున్న కాలేజీలో చేరింది. దసరా సెలవులకు వచ్చి మళ్లీ వెళ్లలేదు. అప్పుడు అందరూ "చదవలేక వచ్చేసింది" అన్నారు. అది నిజం కాదని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అక్క ఒక్కొక్కటీ చెప్పింది. వాటిని కలుపుకుని, మన సార్లను అడిగి తెలుసుకున్న సంగతులు చేర్చి ఇది రాస్తున్నాను.

పొయ్యికి మూడు రాళ్లు ఉంటాయి కదా. కాలేజీకీ అంతే. ఒకటి పేరు, రెండోది డబ్బు, మూడోది తోడు. ఏ రాయి లేకపోయినా కుండ ఒరిగిపోతుంది.

1. పేరు

దూరపు కొండలు నునుపు అంటారు. కొండల్లో పుట్టినవాళ్లం, ఆ సామెత మనకు వేరే చెప్పాలా? దగ్గరికెళ్తే ముళ్లూ రాళ్లూ ఎక్కడున్నాయో మనకే తెలుసు. కాలేజీ పేరు కూడా దగ్గరికెళ్లి చూడాల్సిందే.

రంగు కాగితం మీద ఫొటోలు ర్యాంకులు వచ్చిన కొద్దిమందివే. మిగతావాళ్లు ఏమయ్యారో దాని మీద ఉండదు. మా అక్క కాలేజీలో మార్కుల్ని బట్టి సెక్షన్లు ఉండేవి. పై సెక్షన్లకు మంచి లెక్చరర్లు, కింది సెక్షన్లకు తరచుగా మారిపోయే లెక్చరర్లు. అక్క కింది సెక్షన్లో పడింది. కాలేజీ పేరు ఒకటే, లోపల చదువు ఒకటి కాదు. కాబట్టి "ఎన్ని ర్యాంకులొచ్చాయి?" అని అడగడం చాలదు. "నన్ను ఏ సెక్షన్లో వేస్తారు? ఆ సెక్షన్లో పోయిన ఏడు ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు?" అని అడగాలి.

ఇంకో సంగతి. ఐఐటీ, ఎన్ఐటీ సీటు ఇచ్చేటప్పుడు ఇంటర్ ఏ కాలేజీలో చదివావని చూడరు. జేఈఈ ర్యాంకు చూస్తారు. కేంద్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు ఉన్నాయి. ఆ సీటుకు ఎస్టీలకు ఇంటర్లో 65 శాతం మార్కులైనా ఉండాలి, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్లో ఉండాలి. అంటే మనకు కావలసింది గేటు మీద పెద్ద బోర్డు కాదు, ఇంటర్ చక్కగా పూర్తి చెయ్యడం.

పేరు ఎప్పుడూ దూరంలోనే ఉంటుందనీ అనుకోవద్దు. విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో మొదలైంది. మన పాడేరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2024లో మొదలైంది. మన అమ్మమ్మలు విశాఖ కేజీహెచ్ పేరు చెప్పుకునేవారు. ఇప్పుడు డాక్టరు చదువు మన ఘాట్ రోడ్డు పైకే ఎక్కి వచ్చింది.

2. డబ్బు

"సగం రాయితీ" అనే మాట విని మోసపోకూడదు. సగం దేంట్లో? లెక్క కోసం కొన్ని అంకెలు వేసుకుందాం. ఇవి ఏ కాలేజీవీ కావు.

ట్యూషన్ ఫీజు 60,000. సగం పోతే 30,000.
హాస్టలు, మెస్ 70,000.
పుస్తకాలు, యూనిఫారం, పరీక్ష ఫీజులు 10,000.
రానుపోను చార్జీలు, చేతిఖర్చు 5,000.
మొత్తం 1,15,000.

రాయితీ లేకపోతే 1,45,000 అయ్యేది. అంటే మొత్తం ఖర్చులో తగ్గింది సుమారు ఐదో వంతే. రెండేళ్లకు 2,30,000 కట్టాలి. ఇదంతా మా నాన్నకు ముందు ఎవరూ చెప్పలేదు. పైగా మొదటి ఏడాది మార్కులు తగ్గితే రెండో ఏడాది రాయితీ ఉండదన్న సంగతి మధ్యలో బయటపడింది. ఒకరోజు క్లాసులో బాకీ ఉన్నవాళ్ల పేర్లు చదివితే మా అక్క లేచి నిలబడింది. ఆ రోజు నుంచి వెనక బెంచీలోకి మారిపోయానని చెప్పింది.

ఇక సర్కారు ఇచ్చేవి. గురుకుల జూనియర్ కాలేజీల్లో చదువు, భోజనం, వసతి అన్నీ ఉచితం. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అని ఉంది. కేంద్ర పథకం ప్రకారం తల్లిదండ్రుల ఏడాది ఆదాయం 2.5 లక్షల లోపు ఉండాలి. మనం చేరే కోర్సుకు, ఆ కాలేజీకి అది వర్తిస్తుందో లేదో కాలేజీవాళ్లను కాదు, ఐ.టి.డి.ఏ. ఆఫీసులో అడగాలి. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే అప్పటిదాకా మనల్ని కట్టమంటారా అన్నది కాలేజీలో అడగాలి.

ఐఐటీల్లో ఎస్టీ విద్యార్థులకు 2016 నుంచి ట్యూషన్ ఫీజు పూర్తిగా లేదు. అయితే మెస్ ఖర్చు వేరే ఉంటుంది. ఉచితం అన్నప్పుడల్లా "ఏది ఉచితం, ఏది కాదు?" అని రెండు వరసలుగా రాసుకోండి.

కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ లింకు అయిన బ్యాంకు ఖాతా ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోవాలి. ఫలితాలొచ్చాక అందరూ ఒక్కసారే మీసేవకు, సచివాలయానికి పరిగెడతారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చే ముందు జిరాక్సులు తీసుకోండి. మధ్యలో మానేస్తే ఎప్పుడు తిరిగిస్తారో అడగండి. మా అక్క సర్టిఫికెట్ల కోసం నాన్న మూడుసార్లు ఘాట్ దిగాడు.

3. తోడు

తోడు అంటే మన గుంపు అంతా ఒకే కాలేజీలో చేరడం అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ అక్కడికెళ్లాక గ్రూపులు వేరు, సెక్షన్లు వేరు, గదులు వేరు. స్నేహితురాలు ఎంపీసీ తీసుకుందని బైపీసీ ఇష్టమున్న పిల్ల ఎంపీసీ తీసుకుంటే ఆ రెండేళ్లు ఇద్దరికీ బాధే.

తోడు అంటే అడగడానికి ఒక మనిషి ఉండటం. జ్వరమొస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? లెక్క అర్థం కాకపోతే సాయంత్రం ఎవరిని అడగొచ్చు? ఇంటికి ఎన్ని రోజులకోసారి ఫోను? మనవైపు సీనియర్లు ఎవరైనా ఉన్నారా? మా అక్క ఇంట్లో కువి మాట్లాడుతుంది. తెలుగు మాట్లాడితే యాస ఉంటుంది. అక్కడ నోరు తెరిస్తే నవ్వేవారట. అందుకని డౌటు అడగడం మానేసింది. డౌటు అడగకపోతే మార్కులు తగ్గాయి, మార్కులు తగ్గితే రాయితీ పోతుందని భయం పట్టుకుంది. చూశారా, మూడో రాయి కదిలితే మిగతా రెండూ ఎలా కదిలిపోయాయో!

అలాగని దూరం వెళ్లొద్దని నేను చెప్పడం లేదు. మన స్కూల్లో 2022లో పది పాసైన ఒక అక్క శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలో చేరింది. అక్కడ తనకూ మొదటి మూడు నెలలు ఏడుపే. కానీ అరకు వైపు సీనియర్ ఒకామె రోజూ భోజనాల దగ్గర పలకరించేదట. "ఆమె లేకపోతే నేను బస్సెక్కేసేదాన్ని" అని పోయినసారి వచ్చినప్పుడు చెప్పింది. ఇప్పుడు ఆమె కొత్తగా వచ్చిన మనవాళ్లను పలకరిస్తోంది. ఒక్క మనిషి చాలు.

4. ఏ దారి ఎటు పోతుంది?

క్లుప్తంగా చెప్తాను. ట్రిపుల్ ఐటీలు (నూజివీడు, ఆర్.కె. వ్యాలీ 2008లో, ఒంగోలు, శ్రీకాకుళం 2016లో వచ్చాయి) పది మార్కులతో తీసుకుంటాయి. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, మొత్తం ఆరేళ్లు. ఇది ముఖ్యంగా ఇంజనీరింగ్ దారి. డాక్టరు, నర్సు కావాలనుకునేవాళ్లకు ఇంటర్ బైపీసీ దారి. తొందరగా పని నేర్చుకోవాలంటే పాలిసెట్ రాసి మూడేళ్ల పాలిటెక్నిక్. తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఏమవ్వాలనుకుంటున్నామో ముందు, కాలేజీ పేరు తర్వాత.

5. మా స్నేహితురాలు ఏం చేసింది?

మేమిద్దరం పైన రాసిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాశాం. వాళ్ల నాన్న ఆదివారం చూడ్డానికొస్తే ఇచ్చాం. ఆయనకు మొదట కోపం వచ్చింది. "నలుగురిలో చెప్పేశాను, ఇప్పుడు వెనక్కి తగ్గితే ఎలా?" అన్నాడు. ఈమె ఏడుస్తూనే "అడిగి చూడు నాన్నా, అంతే" అంది. ఆయన వెళ్లి అడిగాడు. రెండో ఏడాది కూడా రాయితీ ఉంటుందని కాగితం మీద రాసిమ్మంటే, "మా మాట మీద నమ్మకం లేదా?" అన్నారట. ఆయన అడ్వాన్సు కట్టకుండా వచ్చేశాడు.

ఇప్పుడు ఆమె ఫలితాలొచ్చాక ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెడుతుంది. రాకపోతే గురుకుల జూనియర్ కాలేజీలో ఎంపీసీ. కాఫీ పంట ఇంకా వాళ్లదే. నిన్న రాత్రి గురక పెట్టి నిద్రపోయింది, నేనే సాక్షి.

మా అక్క సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఒక ఏడాది పోయాక 2023లో గురుకుల కాలేజీలో బైపీసీలో చేరింది. 2025లో పాసైంది. ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. "పెద్ద కాలేజీ ఏదే అక్కా?" అని అడిగితే, "నేను పూర్తి చేసిందే పెద్ద కాలేజీ" అంది.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. మన స్కూలు నుంచి వెళ్లిన సీనియర్లు ఎవరెవరు ఎక్కడ చదువుతున్నారో ఆఫీసు గది పక్కన ఒక చార్టు పెట్టించండి. ఆదివారం ఫోను టైములో పది తరగతివాళ్లు ఒక సీనియర్‌తో పది నిమిషాలు మాట్లాడేలా అనుమతి ఇవ్వండి. ఊరికే "బాగా చదువుకోండి" అనే మాట కన్నా మాకది ఎక్కువ ధైర్యం.

తొమ్మిదో తరగతి చెల్లెళ్లూ, మీకింకా ఏడాది ఉంది. ఈ మూడు రాళ్ల ప్రశ్నలు నోటుబుక్కు చివరి పేజీలో ఎక్కించుకోండి. రాసిందాంట్లో తప్పులుంటే మన్నించండి. మీకు తెలిసినవి ఒక కాగితం మీద రాసి పత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి, వచ్చే సంచికలో అతికిస్తాం.

– 10వ తరగతి, 'బి' సెక్షన్