మీకు తెలుసా? ఒక్క రోజు, ముగ్గురు గవర్నర్లు

మన దగ్గర గవర్నరంటే రాష్ట్రపతి నియమించే మనిషి. అమెరికాలో అలా కాదు, జనం ఓట్లతో గెలవాలి. చేసేదీ దాదాపు మన ముఖ్యమంత్రి చేసే పనే. అలాంటి కుర్చీలో 24 గంటలు తిరక్కముందే ముగ్గురు కూర్చున్నారు. ఎక్కడంటే కొలరాడో రాష్ట్రంలో, 1905 మార్చిలో.

గొడవ గనుల దగ్గర మొదలైంది. క్రిపుల్ క్రీక్ బంగారు గనుల్లో 1903లో కార్మికులు సమ్మె కట్టారు. అప్పటి గవర్నరు జేమ్స్ పీబాడీ, రిపబ్లికన్, అసలు వృత్తి బ్యాంకింగ్. నేషనల్ గార్డ్ దళాలను దింపి సమ్మె నడ్డి విరిచాడు. 1904 నవంబరు ఎన్నికల్లో ఆయన మీద డెమోక్రాట్ల తరఫున, అంతకుముందే రెండుసార్లు గవర్నరుగా చేసిన అల్వా ఆడమ్స్ నిలబడ్డాడు, వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. జనవరి 10న ప్రమాణం చేశాడు.

పీబాడీ ఊరుకోలేదు. డెన్వర్‌లో దొంగ ఓట్లు గుద్దారని ఫిర్యాదు చేశాడు. నిజమే, గుద్దారు. అయితే గనుల ప్రాంతాల్లో యజమానులు కూలీలను బెదిరించి పీబాడీకి ఓట్లు వేయించారన్న ఆరోపణా అంతే గట్టిగా వచ్చింది. ఎవరూ ఎవరికీ తీసిపోలేదన్నమాట!

అక్కడి రాజ్యాంగం ప్రకారం గవర్నరు ఎన్నిక తగాదా తేల్చాల్సింది కోర్టు కాదు, ఉభయసభలు. సభల్లో రిపబ్లికన్లదే మెజారిటీ. ఇక పీబాడీకి తిరుగేముంది అనుకుంటాం. కానీ ఆయనంటే సొంత పార్టీలోనే కొందరికి గిట్టదు. చివరికి బేరం కుదిరింది: కుర్చీ ఇస్తాం, వెంటనే దిగిపోవాలి. మాట మీద నమ్మకం లేదు కాబోలు, రాజీనామా కాగితం ముందే రాయించుకున్నారు.

మార్చి 16న ఆడమ్స్‌ను దించి పీబాడీని ఎక్కించారు. 17న పీబాడీ దిగాడు, గవర్నరు తర్వాతి స్థానంలో ఉండే లెఫ్టినెంట్ గవర్నరు జెస్సీ మెక్‌డొనాల్డ్ ఎక్కాడు. గవర్నరు పదవికి పోటీ అయినా చేయని ఆయన, 1907 జనవరి దాకా రాష్ట్రాన్ని ఏలాడు.

ఆడమ్స్ మళ్లీ ఆ కుర్చీ ఎక్కలేదు. ఆయన తమ్ముడు బిల్లీ మాత్రం 1927లో ఎక్కి, వరసగా మూడుసార్లు గెలిచి, ఆరేళ్లు కదల్లేదు.