ఉచితమా, స్వేచ్ఛయా? – డిస్కులు వ్రాయు సాఫ్టువేరు ఎంపిక

కాంపాక్టు డిస్కు లోకమునకు వచ్చి నాలుగు దశాబ్దములు దాటినది. 1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు దానిని విపణికి తెచ్చినవి. నేడు క్రొత్త ల్యాప్‌టాపులలో డిస్కు డ్రైవు కానవచ్చుట అరుదు. 2025 ఫిబ్రవరిలో సోనీ సంస్థ వ్రాయదగిన బ్లూ-రే డిస్కుల ఉత్పత్తిని నిలిపివేసినది. ఐనను డిస్కుల ఉపయోగము తీరిపోయినదనుటకు వీలు లేదు. పెన్‌డ్రైవులోని ఫైలు ఒక్క పొరపాటు నొక్కుతో చెరిగిపోవచ్చును. ఒకసారి వ్రాసి ముగించిన డిస్కులోని ఫైలు అట్లు చెరిగిపోదు. పాత పాటలను, ప్రసంగములను, ఛాయాచిత్రములను భద్రపరచుకొనువారు నేటికిని డిస్కు నాశ్రయించుటకు కారణ మిదియే.

ఒక గ్రామ గ్రంథాలయమువారు తమ ప్రాంతపు హరికథకుల కాసెట్లను డిస్కుల కెక్కించదలచినారనుకొందము. డ్రైవు ఉన్నది, ఖాళీ డిస్కులున్నవి. ఇక కావలసినది డిస్కును వ్రాయించు సాఫ్టువేరు. ధనము స్వల్పము గనుక ఉచితమైన దానికొరకు వెదకుదురు. అట్టివి పెక్కు కలవు. వానిలో దేనిని గ్రహింపవలెను, గ్రహించుటకు ముందు ఏమి పరిశీలింపవలెను అనునదే నేడు మనము విచారింపదలచిన విషయము.

ఆంగ్లములో వెల లేకుండుటకును, కట్టుబాటు లేకుండుటకును మాట ఒక్కటియే. అందుచేత ఆ భాషలో ఈ విషయమున ఎడతెగని గందరగోళము కలుగుచున్నది. తెలుగులో మన కట్టి యిబ్బంది లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. అన్నసత్రములో భోజన ముచితము. కాని వడ్డించినది తినుటయే మన వంతు, వంటయింటిలోనికి పోవుటకు హక్కు లేదు. ఉచిత సాఫ్టువేరులలో అధిక భాగ మిట్టిదే. కర్త దానిని వెల లేకుండ ఇచ్చును, కాని తన షరతులను తానే ఏర్పరచును. దీనిని ఫ్రీవేరు అందురు. కొన్ని పదునైదు దినములో, నెలదినములో పనిచేసి ఆగిపోవు మాదిరి ప్రతులు. వానిని ఉచితమనుటయే పొరపాటు.

స్వేచ్ఛా సాఫ్టువేరు వీనికంటె భిన్నమైనది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అను అమెరికను ప్రోగ్రామరు గ్నూ ప్రణాళికను ప్రకటించినాడు. సాఫ్టువేరును ఏ ప్రయోజనమునకైనను వాడుకొనుట, అది పనిచేయు తీరును పరిశీలించి మార్చుకొనుట, ప్రతులు తీసి యితరుల కిచ్చుట, మార్చిన ప్రతులను సైతము పంచుట అను నాలుగు స్వేచ్ఛలు ఈ ఉద్యమమునకు పునాది. ఈ స్వేచ్ఛలను చట్టరీత్యా కాపాడుటకు 1989లో గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు వెలువడినది. మన హైదరాబాదులో ఈ ఉద్యమమును నడుపుచున్న సంస్థ తన పేరుగా ‘స్వేచ్ఛ’ అను మాటనే ఎన్నుకొనుట గమనింపదగినది.

లైసెన్సు అనునది న్యాయవాదుల వ్యవహారమని, సామాన్యుల కది అక్కరలేదని తోచవచ్చును. డిస్కులు వ్రాయు సాఫ్టువేరు చరిత్రయే దీనికి సమాధానము చెప్పుచున్నది. లినక్స్ కంప్యూటర్లలో చిరకాలము ఈ పనికి ఆధారమైనది సీడీరికార్డు అను ప్రోగ్రాము. జర్మనీ దేశస్థుడైన యోర్గ్ షిల్లింగ్ దాని కర్త. అది జనరల్ పబ్లిక్ లైసెన్సు క్రింద వెలువడుచుండెను. 2006లో ఆయన తన ప్రోగ్రాముల సముదాయములో అధిక భాగమును సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ రూపొందించిన సీడీడీఎల్ అను మరియొక లైసెన్సు క్రిందికి మార్చెను. విడివిడిగా చూచినచో రెండును స్వేచ్ఛా లైసెన్సులే. కాని రెండింటిని కలిపి కట్టిన ప్రోగ్రామును పంచుటకు ఆ షరతులు పొసగవని డెబియన్ బృందమువారు నిర్ణయించిరి. పొసగునని షిల్లింగ్ వాదించెను. చివరకు డెబియన్‌వారు పాత లైసెన్సుతో నున్న కూర్పును తీసికొని, అదే యేట సీడీఆర్‌కిట్ అను పేర వేరొక శాఖను ఆరంభించిరి. ఆ శాఖ 2010 తరువాత ముందునకు సాగలేదు. వెల ఒక్క పైస మారకుండగనే, కేవలము లైసెన్సు మారుటవలన లక్షలాది కంప్యూటర్లకు చేరు పనిముట్టు రెండుగా చీలినది. తమ చేతిలోని కూర్పును పంచుకొనుటకు పాత లైసెన్సులో హక్కుండుటచేతనే డెబియన్‌వారు నిలువగలిగిరి. ఒట్టి ఫ్రీవేరు ఐనచో కర్త మాటయే తుది మాట.

ఇక నేడు లభించువానిని చూతము. లినక్స్ వాడువారికి కే3బీ, బ్రసేరో, ఎక్స్ఎఫ్‌బర్న్ అనునవి కలవు. మీటలు, పట్టికలు లేకుండ ఆజ్ఞలు టైపుచేసి పని జరుపుకొనువారికి గ్నూ క్సోరిసో కలదు. ఇవన్నియు జనరల్ పబ్లిక్ లైసెన్సు క్రింద నున్నవే. విండోసు వాడువారికి సీడీఆర్‌టీఎఫ్ఈ, ఇన్‌ఫ్రారికార్డరు అట్టివే. సీడీబర్నర్ ఎక్స్‌పీని సంస్థలు సైతము ఉచితముగా వాడుకొనవచ్చునని దాని కర్తలు ప్రకటించియున్నారు. కాని దాని సోర్సు కోడును వెల్లడింపలేదు. మిక్కిలి పేరొందిన ఇమ్గ్‌బర్న్ కూడ ఫ్రీవేరే. 2013లో వెలువడిన దాని 2.5.8.0 కూర్పును స్థాపించునపుడు ఓపెన్‌క్యాండీ అను ప్రకటనల ఉపాంగము వెంట వచ్చెడిది. మరియొక మాట: సాధారణముగా ఫైళ్లను డిస్కుకు వ్రాయుటయే పని ఐనచో, 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ మొదలుకొని ఆ సౌకర్యము విండోసులోనే కలదు. 2009 నాటి విండోస్ 7 నుండి డిస్కు ప్రతిబింబములను, అనగా ఐఎస్ఓ ఫైళ్లను, వ్రాయు వీలును కలిగినది. వేరొక సాఫ్టువేరు అక్కరలేనప్పుడు తెచ్చుకొనకుండుటయే మేలు.

లైసెన్సును పరిశీలించుట ఎట్లు? మొదట సాఫ్టువేరును కర్త స్వంత స్థలమునుండి గాని, లినక్స్ పంపిణీ భాండాగారమునుండి గాని తెచ్చుకొనవలెను. మూడవవారు పంచు ప్రతులలో ఏమి చేరియున్నదో చెప్పలేము. పిమ్మట ‘లైసెన్సు’ అని గాని, ‘కాపీయింగ్’ అని గాని పేరుగల ఫైలును తెరచి చూడవలెను. స్థాపించునపుడు కనుపించు ‘అంగీకరించుచున్నాను’ అను గడిపై కన్ను మూసికొని గుర్తు పెట్టుట, చదువని పత్రముపై వ్రేలిముద్ర వేయుటతో సమానము.

ఆ పత్రములో ముఖ్యముగా ఐదు ప్రశ్నలకు సమాధానము వెదకవలెను. ఎవరు వాడవచ్చును? ‘వ్యక్తిగత వినియోగమునకు మాత్రమే’ అని యున్నచో, మనము చెప్పుకొన్న గ్రంథాలయము, లాభము గణింపనిదే యైనను, వ్యక్తి కాదు. కర్త అనుమతి పొందిన పిమ్మటనే వాడవలెను. ఎన్ని కంప్యూటర్లలో పెట్టవచ్చును? పొరుగూరి గ్రంథాలయమునకు ప్రతి యీయవచ్చునా? గడువేమైన ఉన్నదా? వెంట మరేవైన ప్రోగ్రాములు చేరునా? ఈ ఐదింటికి స్పష్టమైన సమాధానము దొరకనిచో ఆ సాఫ్టువేరును వదలుట క్షేమము. లైసెన్సు పత్రమే లేకున్నచో అన్ని హక్కులును కర్తవే యని గ్రహింపవలెను. మౌనము అంగీకారము కాదు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. మన 1957 నాటి కాపీరైటు చట్టము కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనలలో చేర్చినది. హక్కు లేని ప్రతియని తెలిసి ప్రోగ్రామును వాడినవారికి 63-బి సెక్షను కారాగారమును, జరిమానాను విధించుచున్నది. సాఫ్టువేరు లైసెన్సు వేరు, డిస్కున కెక్కించు పాటపై హక్కు వేరు అనునది కూడ మరువరాదు. ఎంత స్వేచ్ఛగల సాఫ్టువేరైనను ఇతరుల పాటను పంచుటకు మన కధికార మీయలేదు. హరికథకుని అనుమతినో, ఆయన లేనిచో వారసుల అనుమతినో వ్రాతమూలకముగా పొందుట న్యాయము.

హక్కుల సంగతి తేలిన పిమ్మట పనితనమును చూడవలెను. సాధారణ సీడీలో 700 మెగాబైట్లు, ఒంటి పొర డీవీడీలో 4.7 గిగాబైట్లు పట్టును. ఒకమారు వ్రాయు డిస్కులో లేజరు కిరణము రంగు పొరను వేడిచేసి గుర్తులు పెట్టును. ఆ గుర్తులను తిరిగి చెరపలేము, గనుక తప్పు జరిగినచో డిస్కు వృథా. కాబట్టి వ్రాసిన పిమ్మట మూలముతో పోల్చి సరిచూచు సౌకర్యమున్న సాఫ్టువేరునే కోరవలెను. మన తెలుగువారు గమనింపవలసిన విశేషము మరియొకటి కలదు. 1988 నాటి ఐఎస్ఓ 9660 ప్రమాణము ఫైళ్ల పేర్లలో రోమను పెద్ద అక్షరములను, అంకెలను, అడుగు గీతను తప్ప వేరొకదానిని అంగీకరింపదు. తెలుగు లిపిలో పేర్లు నిలువవలెనన్నచో జోలియట్ అను విస్తరణ గాని, యూడీఎఫ్ అను పద్ధతి గాని ఉండవలెను. స్వేచ్ఛా సాఫ్టువేరుకు పూచీ యెవరును వహింపరని దాని లైసెన్సులోనే యుండును. అందుచే మొదట చెరపి వ్రాయదగిన ఒక డిస్కుపై పరీక్షించి, తెలుగు పేర్లు సరిగా కనుపించుచున్నవని చూచుకొని, అటుపిమ్మట అసలు పనికి పూనుకొనవలెను.

చివరకు మేము సూచించునది చిన్న పని. వాడిన సాఫ్టువేరు పేరు, కూర్పు సంఖ్య, తెచ్చిన స్థలము, తేదీ ఒక రిజిష్టరులో వ్రాసి, ఆనాటి లైసెన్సు పత్రమును అచ్చువేసి దాని కతికింపుడు. లైసెన్సులు మారునని సీడీరికార్డు కథ మనకు నేర్పినది. తెచ్చుకొన్న నాడు మనకు గల హక్కు ఏదియో ఆ కాగితము చెప్పును. ఇరువది యేండ్లకు ఆ గ్రంథాలయమునకు రాబోవు కార్యదర్శికి హరికథల డిస్కులతోపాటు ఆ రిజిష్టరును అప్పగింపవలెను.