పచ్చ చుక్క చెప్పేదెంత?

రాత్రి షిఫ్టులో నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకి గోడ మీది మానిటరింగ్ తెరే ధైర్యం. రౌటర్ పేరు పక్కన పచ్చ చుక్క కనిపిస్తే ఇక అటువైపు చూడరు. ఆ చుక్క వెనక ఏం పరీక్షిస్తున్నారో తెలియకుండా దాన్ని నమ్ముకుంటే, యూజర్లు ఫోన్ చేశాకే మనకి సమస్య తెలుస్తుంది.

అపోహ: పచ్చగా ఉందంటే పరికరం బాగున్నట్టే.

వాస్తవం: చాలాచోట్ల ఆ రంగుకి ఆధారం పింగ్. 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ రాసిన ఈ చిన్న ప్రోగ్రామ్ అడిగేది 'ఉన్నావా?' అని మాత్రమే. స్విచ్‌లో ఫ్యాన్ ఆగిపోయినా, రెండు పవర్ సప్లైల్లో ఒకటి పోయినా 'ఉన్నాను' అనే జవాబొస్తుంది.

అపోహ: కస్టమ్ చెక్ పెట్టాం కాబట్టి పరికరం రంగు దానంతటదే మారుతుంది.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నాగియోస్ అనే మానిటరింగ్ టూల్‌లో హోస్ట్ (అంటే పరికరం) స్టేటస్ వేరు, సర్వీస్ స్టేటస్ వేరు. మీరు రాసిన టెంపరేచర్ చెక్ సర్వీస్ కిందకి వస్తుంది. అది క్రిటికల్‌కి వెళ్లినా హోస్ట్ 'అప్' అనే చూపిస్తుంది. జాబిక్స్ అనే మరో టూల్‌లో హోస్ట్ పక్కనుండే అవైలబిలిటీ గుర్తు కూడా ఏజెంట్‌తోనో ఎస్‌ఎన్‌ఎంపీతోనో మాట కలుస్తోందా లేదా అన్నంత వరకే చెబుతుంది. ఐటమ్ పెడితే విలువ నమోదవుతుంది, అంతే. ట్రిగ్గర్ రాస్తేనే అది సమస్యగా లెక్కకొస్తుంది, మ్యాప్‌లో ఐకాన్ మీద కనిపిస్తుంది.

అలాగని పింగ్ తీసేసి టెంపరేచర్ చెక్‌నే హోస్ట్ చెక్‌గా పెట్టేయకండి. హోస్ట్ 'డౌన్' అయిందనుకుంటే నాగియోస్ దాని సర్వీసుల అలర్ట్‌లు పంపడం ఆపేస్తుంది. వేడెక్కినా పనిచేస్తున్న స్విచ్‌ని చచ్చిందని ప్రకటించి, దాని మీది మిగతా హెచ్చరికల నోరు మనమే నొక్కినట్టవుతుంది. రెండు స్టేటస్‌లనీ విడిగానే ఉంచి, తెర మీద కలిపి చూపించడమే సరైన పద్ధతి అని నా నమ్మకం. నాగియోస్ స్థితిని మ్యాప్‌గా చూపే నాగ్‌విస్‌లో హోస్ట్ ఐకాన్ తన సర్వీసుల స్థితిని కూడా కలుపుకుని రంగు మార్చుకోగలదు.

అపోహ: స్క్రిప్ట్ 'క్రిటికల్' అని ప్రింట్ చేస్తే చాలు.

వాస్తవం: నాగియోస్ రంగు వేసేది ఆ మాటని చూసి కాదు, ఎగ్జిట్ కోడ్‌ని చూసి. 0 అంటే ఓకే, 1 వార్నింగ్, 2 క్రిటికల్, 3 అన్‌నోన్. ఒకసారి ఒక స్విచ్ వరసలో 'క్రిటికల్, 61 డిగ్రీలు' అని స్పష్టంగా రాసుంది, ఆ వరస మాత్రం పచ్చగా ఉంది. స్క్రిప్ట్ తెరిచి చూస్తే, లాగ్ కోసమని ఫలితాన్ని పైపు ద్వారా 'టీ' కమాండ్‌కి పంపారు. బాష్‌లో మామూలుగా పైపు చివరి కమాండ్ కోడే మిగులుతుంది. చెక్ 2 ఇచ్చింది, 'టీ' తన పని సక్రమంగా ముగించి 0 ఇచ్చింది. 'పైప్‌ఫెయిల్' ఆప్షన్ పెట్టిన ఒక్క లైనుతో ఆ వరస ఎర్రబడింది. ఆ లైను లేనన్నాళ్లూ అక్కడి వేడిని ఎవరూ పట్టించుకోలేదంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అపోహ: డేటా రావడం ఆగిపోతే ఎర్రబడుతుంది.

వాస్తవం: మనం చెప్పకపోతే చివరి రంగే అలా నిలిచిపోవచ్చు. పరికరమే ఫలితం పంపే పాసివ్ చెక్‌లకి నాగియోస్‌లో ఫ్రెష్‌నెస్ గడువు పెట్టాలి. జాబిక్స్‌లో అయితే 'నోడేటా' ఫంక్షన్‌తో ట్రిగ్గర్ రాయాలి.

ఈ వారం ఒక పని చేయండి. మీ కస్టమ్ చెక్‌లలో ఒకదాని పరిమితిని కావాలని తగ్గించి, అది ఫెయిలయ్యేలా చేయండి. నాగియోస్ అయితే వెంటనే కంగారుపడొద్దు, పెట్టిన ప్రయత్నాలన్నీ పూర్తయ్యాకే అది అలర్ట్ పంపుతుంది. అప్పటికీ గోడ మీది చుక్క పచ్చగానే ఉంటే, మీ చెక్ ఇంకా తెర దాకా చేరలేదన్నమాట.