పుట్టి ధర మొదలు ఓడ బరువు దాకా: జిల్లా లెక్కలను చదివే తీరు

నెల్లూరు సీమలో ఇద్దరు రైతులు ఎదురుపడితే క్షేమసమాచారములు ముగియగానే వచ్చే ప్రశ్న "పుట్టి ఎంత పలుకుతున్నది?" అనేది. సముద్రతీర గ్రామాలలో ఆ ప్రశ్నే "వంద కౌంటు ఎంత?" అని మారుతుంది. ఆర్థికశాస్త్రజ్ఞులు సూచికలు అని పిలిచేవాటికి ఇవి మన ఇంటి పేర్లు. వీటికి తోడు జలాశయపు నీటిమట్టము, రేవులో దిగిన సరుకు, తలసరి ఆదాయము మొదలైన అంకెలు నిత్యము మన చెవిని పడుతూనే వుంటవి. అంకె పెద్దదైతే జిల్లా బాగున్నదని సంతోషించేవారు కొందరు. లెక్కలన్నీ కల్లలని తోసివేసేవారు మరికొందరు. రెండును తొందరపాటే. ఏ అంకె విన్నా నాలుగు ప్రశ్నలు వేయవలెను. దేనితో కొలిచినారు? అది గడచినదానిని చెప్పుతున్నదా, రానున్నదానినా? ఆ సొమ్ము ఎవరి చేతికి వచ్చినది? ఏ హద్దులలోని లెక్క?

మొదటిది కొలత. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. కృష్ణా గోదావరి ప్రాంతాలలో రైతు 75 కిలోల బస్తా లెక్కన మాట్లాడుతాడు. ప్రభుత్వము మద్దతు ధరను క్వింటాలుకు ప్రకటిస్తుంది. 2024-25లో ఏ గ్రేడు ధాన్యమునకు ఆ ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. అనగా పుట్టికి 19,720 రూపాయలు. ఇంతవరకు సులభమే. కాని కొనేవాడు తేమ వున్నదనో, తాలు వున్నదనో పుట్టికి మరి 50 కిలోలు తరుగుగా అడిగినాడనుకొందాము. పుట్టి ధర 19,720 రూపాయలుగానే నిలిచివుంటుంది. రైతుకు మాత్రము క్వింటాలుకు దక్కేది సుమారు 2,191 రూపాయలు. ధర తగ్గకుండానే రాబడి తగ్గినది. అందుచేత ధర ఎంత అని అడిగిన నోటితోనే తూకము ఎంత, తేమ ఎంత అని కూడ అడగవలెను. మద్దతు ధర కొనుగోలుకు ధాన్యములో తేమ 17 శాతము మించరాదన్న నియమము తెలిసిన రైతు కల్లములో మరి రెండు ఎండలు కాయనిచ్చి బేరమునకు దిగుతాడు.

రెండవది కాలము. ధర పంట చేతికి వచ్చిన తరువాత తెలిసే సంగతి. నీటిమట్టము పంటకు ముందే తెలిసే సంగతి. పెన్నపై కట్టిన సోమశిల జలాశయములో 78 టి.ఎం.సి.లు, అక్కడినుండి నీరు అందుకొనే కండలేరులో 68 టి.ఎం.సి.లు నిలువ చేయవచ్చును. మనకు ముఖ్యమైన వానలు ఈశాన్య ఋతుపవనములవి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తవి. కాబట్టి ఆ నెలలలో సోమశిలకు చేరిన నీటిని చూచి, రాబోయే పంటకు ఎంత నేల తడుస్తుందో, ఆ వెనుక ఎడగారుకు ఏమైనా మిగులుతుందో ఊహించవచ్చును. కూలి పనులు, ఎరువుల అప్పు, పండుగనాటి బట్టల వ్యాపారము అన్నీ ఆ నీటి వెంట నడిచేవే. అయితే ఆ నీరంతా మన పొలాలది కాదు. కండలేరునుండి చెన్నై నగరమునకు తెలుగుగంగ కాలువ సాగుతున్నది. నిలువ ఎంత అన్నదానితో పాటు పంపకము ఎట్లు అన్నదియు చూడవలెను.

మూడవది, సొమ్ము చేరిన చేయి. రొయ్యల కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. 30 కౌంటు రొయ్య ఒక్కొక్కటి సుమారు 33 గ్రాములు. 100 కౌంటు రొయ్య 10 గ్రాములు. ఇక్కడ అంకె పెరిగితే ధర తగ్గుతుంది. తెగులు సోకుతుందన్న భయముతో చిన్న రొయ్యలనే ముందుగా పట్టివేస్తే సరుకు మార్కెట్టుకు ఎక్కువగా వచ్చినట్లు కనబడుతుంది. కాని అది సమృద్ధి కాదు, భయము. 1994 చివర తెల్లమచ్చ తెగులు ఈ తీరమును తాకినప్పుడు టైగరు రొయ్యల చెరువులు ఎన్నో దెబ్బతిన్నవి. 2009లో వనామీ రకమునకు అనుమతి వచ్చిన పిమ్మట సాగు మరల విస్తరించినది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకమును 50 శాతమునకు పెంచినది. అమెరికా మన రొయ్యలకు పెద్ద మార్కెట్టు కనుక దూరదేశపు ఆ నిర్ణయము మన చెరువు గట్టు మీది మాట అయినది. చెరువు కౌలుకు తీసుకొనేవారు అమ్మకపు ధర ఒక్కటే కాక మేత, కరెంటు, కౌలు ఖర్చులను దాని పక్కన వ్రాసుకొని చూడవలెను. ఆ రెంటి నడుమ మిగిలినదే రైతు ఆదాయము.

రేవు లెక్కయు ఇట్టిదే. 2008 జూలైలో ఆధునిక రేవుగా ప్రారంభమైన కృష్ణపట్టణము సరుకును టన్నులలో చెప్పుతారు. ఒక పెద్ద బొగ్గు ఓడ వేలాది టన్నులు మోసుకొని వస్తుంది. ఆ బొగ్గును యంత్రాలు దింపుతవి. అంత బరువు లేని కంటైనరు సరుకు లారీలకు, గిడ్డంగులకు, ప్యాకింగు కూలీలకు పని కల్పిస్తుంది. టన్నులు పెరిగినంత మాత్రాన ఊరిలో కూలి అదే మేరకు పెరిగినదని అనుకోరాదు.

నాలుగవది హద్దు. 1970లో కందుకూరు ప్రాంతము నెల్లూరునుండి విడిపోయి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినది. 2022 ఏప్రిల్‌లో అది నెల్లూరుకు తిరిగివచ్చినది. అదే సమయములో గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతాలు తిరుపతి జిల్లాకు పోయినవి. వాటితోపాటు శ్రీహరికోట కూడ పోయినది. అందుచేత 2021 నాటి జిల్లా ఉత్పత్తిని 2023 నాటి దానితో పోల్చి, పెరిగినదనో తరిగినదనో అనడము రెండు వేరు కమతాల దిగుబడులను పోల్చుటతో సమానము. తలసరి ఆదాయములో మరొక చిక్కు వున్నది. 2011 జనగణనలో నాటి జిల్లా జనసంఖ్య 29,63,557. 2021లో జరగవలసిన గణన జరగలేదు. కనుక ఆ తరువాతి సంవత్సరములలో ఆదాయమును భాగించిన జనసంఖ్య లెక్కించినది కాదు, అంచనా వేసినది. పైగా తలసరి అనేది సగటు మాత్రమే. విద్యుత్కేంద్రపు ఉత్పత్తిని, పల్లెకారుల వలలోని చేపలను ఒకే రాశిగా పోసి సమముగా పంచినట్లు చూపే అంకె అది. నిజముగా అట్లు పంచినవారు ఎవరును లేరు.

ఇంతమాత్రము చేత లెక్కలు పనికిరానివని కాదు. ఒక నోటుపుస్తకములో నెలకొకసారి సోమశిల నీరు, పుట్టి ధర, కౌంటు ధర, ఊరిలో దినకూలి, ఇంట్లో బియ్యము నూనెల ఖర్చు, ఈ అయిదింటిని వ్రాసుకొనే కుటుంబము రెండేండ్లలో తన సీమ నడకను చాలవరకు గ్రహించగలదు. అందులో దినకూలిని, ఇంటి ఖర్చును పక్కపక్కన చూడవలెను. కూలికంటె ఖర్చు వేగముగా పెరుగుతూవుంటే, తక్కిన అంకెలు ఎంత ఘనముగా వున్నా, ఆ ఇంటికి ఆ సంవత్సరము మంచి సంవత్సరము కాదు.