చదివిన పుస్తకమునే మరల చదువుట

1826వ సంవత్సరము స్కాట్లండు దేశపు సుప్రసిద్ధ రచయిత యగు సర్ వాల్టరు స్కాటునకు కష్టకాలము. ఆయనతో సంబంధము గల ముద్రణ, ప్రచురణ సంస్థలు ఆ జనవరిలో దివాలా తీసెను. లక్ష పౌనులకు మించిన ఋణము ఆయన నెత్తిపై బడెను. దానిని తన కలముతోనే తీర్చెదనని ఆయన పూనుకొనెను. అట్టి దినములలో, మార్చి 14వ తేదీన, ఆయన తన దినచర్య పుస్తకమున ఒక చిన్న సంగతి వ్రాసికొనెను. జేన్ ఆస్టెన్ రచించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అను నవలను తాను మరల చదివితిననియు, అది తక్కువలో తక్కువ మూడవ పర్యాయమనియు అందు గలదు. ఆర్భాటము గల పెద్ద కథలను తాను వ్రాయగలననియు, సామాన్యుల నిత్యజీవితమును అంత హృద్యముగా చిత్రించు నేర్పు మాత్రము తనకు లేదనియు ఆ మహారచయిత ఒప్పుకొనెను.

కథ తెలిసిన పిమ్మట ఆ పుస్తకమును మరల చదువనేల? తీరిక లేని మనుష్యుడు మూడుసార్లు చదువదగినది అందేమున్నది? ఈ ప్రశ్నకు సమాధానము ఆ రచయిత్రి పుస్తకములలోనే దొరకును.

జేన్ ఆస్టెన్ 1775 డిసెంబరు 16వ తేదీన ఇంగ్లండులోని హాంప్‌షైరు మండలమున, స్టీవెంటన్ అను పల్లెలో జన్మించెను. తండ్రి ఆ గ్రామ క్రైస్తవ దేవాలయమున మతాచార్యుడు. ఎనమండుగురు సంతానములో ఆమె ఏడవది. ఆమెకు ఆరుగురు సోదరులు, కసాండ్రా అను ఒక అక్క. 1811లో మూడవ జార్జి రాజునకు మతి చలించుటచే ఆయన కుమారుడు రాజప్రతినిధిగా పాలనభారము వహించెను. 1820లో తండ్రి మరణించువరకు సాగిన ఈ కాలమునకు ‘రీజెన్సీ యుగము’ అని పేరు. జేన్ ఆస్టెన్ నవలలన్నియు ఈ యుగముననే వెలువడినవి. నెపోలియను యుద్ధములు యూరపును అల్లకల్లోలము చేసిన కాలమది. ఆమె సోదరులలో ఇద్దరు నౌకాసైన్యమున అధికారులు. అయినను ఆమె యుద్ధరంగమును వర్ణింపలేదు. తాను చక్కగా ఎరిగిన పల్లెటూళ్లను, అందలి మూడు నాలుగు కుటుంబములను, వారి మాటలను, మౌనమును మాత్రమే చిత్రించెను. తన పని చిన్న దంతపు పలకపై సన్నని కుంచెతో బొమ్మ వ్రాయుట వంటిదని ఆమె తన మేనల్లునకు వ్రాసిన లేఖలో చమత్కరించెను.

కీర్తి ఆమెకు సులభముగా లభింపలేదు. 1797లో ఆమె తండ్రి ఒక ప్రచురణకర్తకు ఆమె నవలను గూర్చి జాబు వ్రాయగా, అతడు వ్రాతప్రతిని చూడకయే తిరస్కరించెను. 1803లో వేరొకరు ఒక నవలను 10 పౌనులకు కొని, ముద్రింపక మూలబెట్టిరి. తుదకు 1811లో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ వెలువడెను. దానిపై ఆమె పేరు లేదు. ఒక స్త్రీ రచించినదని మాత్రమే యుండెను. 1813లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కులను ఆమె 110 పౌనులకు విక్రయించెను. 1817 జులై 18వ తేదీన, నలుబదియొకటవ ఏట, ఆమె కన్నుమూసెను. వించెస్టరు మహాదేవాలయములోని సమాధి ఫలకము ఆమె సద్గుణములను, బుద్ధివిశేషమును కొనియాడును గాని, ఆమె నవలలు వ్రాసెనను మాటయే అందు లేదు. 10 పౌనులకు కొని మూలబెట్టిన ఆ నవల ‘నార్తాంగర్ ఆబీ’ అను పేర ఆమె మరణానంతరము వెలువడెను. ఇంగ్లండు బ్యాంకు 2017లో వెలువరించిన 10 పౌనుల నోటుపై ఆమె చిత్రమే కలదు!

ఇక పునఃపఠన విషయము. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవలకు ఆమె మొదట పెట్టిన పేరునకు ‘తొలిచూపు అభిప్రాయములు’ అని అర్థము. కథానాయిక ఎలిజబెత్ తెలివైనది. మనుష్యులను ఇట్టే పోల్చుకొనగలనని ఆమె నమ్మకము. డార్సీ గర్విష్ఠి యనియు, విక్‌హామ్ సజ్జనుడనియు ఆమె తొలిదినములలోనే నిశ్చయించుకొనెను. పిదప ఒకనాడు డార్సీ ఆమె చేతికొక దీర్ఘలేఖ నిచ్చెను. ఆమె దానిని కోపముతో, తొందరతో చదివి, అంతయు అబద్ధమని మడిచి పెట్టెను. కాని అరనిమిషమైనను గడువక ముందే దానిని మరల విప్పెను. ఈసారి ఒక్కొక్క వాక్యమును నిలిచి చదివెను. విక్‌హామ్ తొలిపరిచయముననే తన సొంత గోడు అపరిచితురాలికి ఏల చెప్పెను? డార్సీ యనిన భయము లేదని పలికినవాడు అతడున్న విందునకు రాక ఏల తప్పించుకొనెను? ఈ సంగతులన్నియు ఆమెకు ముందు తెలిసినవే. తెలిసినవానిని ఆమె ఇప్పుడు చూచెను. తన బుద్ధిని గూర్చి తానే గర్వించినందులకు సిగ్గుపడెను. లేఖలో ఒక్క అక్షరమైనను మారలేదు, మారినది చదువరి. ఈ నవలకు కీలకము ఒక జాబును రెండవసారి చదువుటయే.

ఆ నవలను మరల చదివినపుడు మనకును అట్టి అనుభవమే కలుగును. షార్లెట్ అను ఇరువదియేడేండ్ల కన్య, బుద్ధిహీనుడగు కాలిన్సును కేవలము ఒక ఇంటి నీడకొరకు పెండ్లాడును. మొదట చదివినపుడు ఎలిజబెత్‌వలెనే మనమును ఆమెను నిందింతుము. మరల చదివినపుడు ఆ కాలపు స్త్రీల స్థితి స్ఫురించును. ఎలిజబెత్ తండ్రికి ఐదుగురు కుమార్తెలు. అయినను ఆయన భూమి పురుష సంతానమునకే చెందవలెనను ఏర్పాటుచే దాయాదియగు కాలిన్సునకు పోవలసియున్నది. గౌరవకుటుంబపు ఆడపిల్లలకు జీవనోపాధులు మిక్కిలి తక్కువ. అప్పుడు షార్లెట్ నిర్ణయము వెనుకనున్న భయము మనకు అర్థమగును. తల్లి బెన్నెటమ్మ ఆరాటము కూడ కేవలము నవ్వులాటగా తోపదు.

1815లో వెలువడిన ‘ఎమ్మా’ ఈ విషయమున మరింత విచిత్రమైనది. ఫ్రాంక్ చర్చిల్ అను యువకుడు కేవలము క్షౌరము చేయించుకొనుటకని పదునారు మైళ్ల దూరమున నున్న లండనునకు పోయివచ్చును. ఊరివారు నవ్వుకొందురు. కొలది దినములలో జేన్ ఫేర్‌ఫాక్స్ అను పేదపిల్ల యింటికి ఎవరు పంపినదియు తెలియని పియానో వాద్యమొకటి వచ్చును. ఎమ్మా తన ఊహతో వేరొక కథ అల్లుకొనును. మనమును ఆమెతోపాటు మోసపోదుము. ఆ యిరువురికి రహస్యముగా పెండ్లి నిశ్చయమైనదని తుదకు తెలియును. రెండవసారి చదువునపుడు ప్రతి పుటలోను ఆనవాళ్లు కనబడును. వర్షములో తడిసియైనను జేన్ తపాలా కచేరీకి తానే పోవుటకు కారణము తెలియును. రచయిత్రి మననుండి ఏమియు దాచలేదు, మనమే గమనింపమైతిమి. మిస్ బేట్స్ అను వదరుబోతు ముసలికన్య మాటలను విసుగుతో దాటవేసిన మనకు, ఎన్నో ఆనవాళ్లు ఆ మాటలలోనే యున్నవని తెలిసి ఆశ్చర్యము కలుగును. పేదవారి మాటను వినిపించుకొనని ఎమ్మా దోషము మనలోను కలదని ఆ పుస్తకము మెల్లగా తెలుపును.

ఆ నవలలో రాబర్ట్ మార్టిన్ అను రైతు కలడు. ఎమ్మా అతనిని మొరటువాడని తృణీకరించును. కాని అతడు గోల్డ్‌స్మిత్తు రచించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ చదివినవాడని ఒక మాటలో వచ్చును. తెలుగువారికి ఆ పేరు క్రొత్త కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’నకు ప్రేరణ నిచ్చినది ఆ గ్రంథమే. ఇట్లు ఒక పుస్తకము మరియొక పుస్తకమునకు దారి చూపును. తొలిసారి కథ వెంట పరుగిడు చదువరికి ఈ దారులు కానరావు.

బాలబాలికలారా! క్రొత్త పుస్తకములను తప్పక చదువుడు. కాని మీకు నచ్చిన మంచి పుస్తకమును ఒకదానిని దాచుకొని, రెండు మూడేండ్ల తరువాత మరల తెరువుడు. నాడు మీరు నవ్విన చోట నేడు జాలి కలుగవచ్చును. నాడు మెచ్చిన పాత్ర నేడు చులకన కావచ్చును. పుస్తకము అదియే, మీరు ఎంత ఎదిగితిరో అది మీకు చూపును. తోడి మనుష్యుల విషయమునను ఇంతియే. ఎవరిని గూర్చియైనను మన తొలి అభిప్రాయమే తుది తీర్పు కాకూడదు. ఎలిజబెత్ ఆ లేఖను మరల విప్పకుండినచో ఒక సజ్జనునకు అన్యాయము చేసియుండెడిది. ఆ సంగతి ఆమెకు ఎన్నటికిని తెలిసియుండెడిది కాదు.